రెండు సీట్ల బండి

టార్పాలిన్ లాగేసరికి లోపల్నుంచి ఒక బల్లి దూకి గోడెక్కింది. దాని వెనకే పసుపు రంగు బయటపడింది. ఎండ తగిలిన చోట వెలిసిపోయి, తగలని చోట ఇంకా పండు నిమ్మకాయలా ఉన్న పసుపు. సీతారాములు చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండు తలుపులు, రెండు సీట్లు, మడిచి వెనక్కి పడేసిన గుడ్డ టాపు. ఆ పాత స్పోర్ట్స్ కారు బచేలి టౌన్‌షిప్‌లో ఒక క్వార్టర్ వెనక షెడ్డులో మూడేళ్లుగా కదలకుండా పడి ఉంది.

"తొంభై ఎనిమిది మోడలండీ" అంది కృష్ణకుమారి. ఆమె గనిలో ఇంజనీరుగా చేసి రిటైరైంది. వారంలో విశాఖ వెళ్లిపోతోంది. "చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. స్పేరు పార్టులు వెతుక్కోవాలి. వెనక సీటు లేదు, చూసుకున్నారు కదా?"

"అందుకే గదమ్మా నేనొచ్చింది" అన్నాడు సీతారాములు.

ఆమెకు అర్థం కాలేదు. అతను విప్పి చెప్పలేదు కూడా. ఉసూర్ బ్లాకు ఆఫీసు జీపును ముప్పై ఒక్క ఏళ్లు నడిపిన మనిషి అతను. వెనక కూర్చున్నవాళ్లే ఎటు వెళ్లాలో చెప్పేవారు, ఎక్కడ ఆగాలో చెప్పేవారు. వాళ్ల ముఖాలు అద్దంలో చూస్తూనే అతని జుట్టు నెరిసింది. మార్చిలో రిటైరైన రోజున మెడలో దండ వేశారు. ఆ దండతోనే బస్సెక్కి సొంతూరు గీదంలో దిగాడు.

"ఇంకొక సంగతి" అంది కృష్ణకుమారి. "రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయింది. శుక్రవారం దంతెవాడ ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించడానికి టైమిచ్చారు. పొల్యూషన్ పరీక్ష పాసైన కాగితం లేకపోతే వాళ్లు బండిని ముట్టుకోరు. ఆ రోజు తప్పిందంటే సంతకాలకి నేనిక్కడ ఉండను. ఇంక తుక్కు కింద వెయ్యడమే."

"పొల్యూషన్‌దేముందమ్మా! నా సర్వీసుల అదొక పనే కాదు."

ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టి, బండి ముందు రేకు మీద రెండుసార్లు తట్టింది. "కొత్తలో జగదల్‌పూర్ దాకా ఒక్కదాన్నే వెళ్లేదాన్ని. ట్రక్కుల వాళ్లు ఆపి మరీ చూసేవారు" అని నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది.

మూడేళ్లుగా కదలని బండి గనక దాన్ని పికప్ వ్యాన్ మీద ఎక్కించుకుని గీదం తెచ్చాడు. దించుతుంటే వీధంతా వచ్చి నిలబడింది. వాకిట్లో ఇప్పగింజలు ఎండబోస్తున్న అతని భార్య సోమక్క చేట పక్కన పెట్టి లేచింది.

"ఏందయ్యా ఇది? బండా, బొమ్మనా?"

"కూసో, తెలుస్తది."

"ఇందుల కూసుంటే లేచేదెట్ల?" అంటూనే ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టి ఒక కాలు లోపల పెట్టింది. రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక క్షణం ఆగి, ధబ్బున కూలబడింది. "ఓయమ్మో! నేలకింత దగ్గరుంటే చీమలతోని ముచ్చట పెట్టొచ్చు."

వీధంతా గొల్లున నవ్వింది. సీతారాములు అటుపక్క తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో ఇద్దరూ ఒక బండిలో పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. సర్కారు జీపులో ఆమెకు చోటు లేదు. బస్సుల్లో ఆమెకు సీటు దొరికితే అతను నిలబడేవాడు. కదలని బండిలో, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ, ఇద్దరూ కాసేపు అలాగే కూర్చున్నారు.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున అతను బండి కిందనే ఉన్నాడు. ట్యాంకులో మురిగిన పెట్రోలు వంపేశాడు. ఆయిలు మార్చాడు. ప్లగ్గులు విప్పితే నల్లగా మసి పట్టి ఉన్నాయి, వాటిని తీగ బ్రష్షుతో రుద్దాడు. కార్బురేటర్ విప్పి సన్నటి రంధ్రాలన్నీ నోటితో ఊది, వెలుతురుకు పట్టి చూసి బిగించాడు. కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే బండి రెండుసార్లు దగ్గింది, ఒకసారి ఉలిక్కిపడింది, తర్వాత అందుకుంది. జీపులా మూలగలేదు. గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నట్టుంది దాని చప్పుడు. సీతారాములు నూనె చేతులతోనే నడుం మీద చెయ్యి పెట్టుకుని సోమక్క వైపు చూశాడు. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్లతోనే నవ్వింది.

పొల్యూషన్ సెంటరు వాళ్లింటికి రెండు వీధుల అవతల, బీజాపూర్ రోడ్డు అంచున. ఒక రేకుల షెడ్డు, కంప్యూటరు, స్టాండు మీద కెమెరా, పొడుగాటి రబ్బరు గొట్టమున్న మిషను. దాని యజమాని ఉపేంద్రకు నాలుగు ఖనిజం ట్రక్కులు కూడా ఉన్నాయి. కుర్చీలో ఉన్న అమ్మాయి కొత్తది, పేరు పార్వతి.

"ఇంజను వేడి కానియ్యి కాకా" అంది ఆమె లేచి వస్తూ.

"ఈ హిందీ సీమల నీకు తెలుగొస్తదా బిడ్డా?"

"మాది ఉసూర్ పక్కనే. దోర్ల తెగోళ్లం. ఇంట్ల దోర్లి, సంతల తెలుగు, బడిల హిందీ" అంటూ ఆమె బండి వెనక గొంతుక్కూర్చుంది. సైలెన్సరు గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసింది. మిషను గొట్టం చివరున్న ఇనప కడ్డీని జానెడు లోపలికి తోసి, లేచి వెళ్లి తెర ముందు నిలబడింది. సీతారాములు వింతగా చూశాడు. అతని సర్వీసంతటిలో ఈ పనికి ఎవరూ కుర్చీలోంచి లేచింది లేదు. జీపు నంబరు చెబితే కాగితం వచ్చేది.

పొగలో విషవాయువు ఎంత శాతమో చెప్పే అంకెలు తెర మీద ఎక్కాయి. మూడు. ఐదు. ఏడు పాయింటు నాలుగు దగ్గర ఆగాయి.

"ఫెయిల్ కాకా. మీ మోడలుకి మూడు దాటొద్దు."

"ఏంది ఫెయిలు?" సీతారాములు గొంతు పెరిగింది. "ముప్పై ఒక్క ఏండ్లు సర్కారు బండికి కాగితం తెచ్చిన. ఫెయిలన్న మాట ఒక్కపాలి ఇనలే!"

"గొట్టం పెట్టిన్రా ఎప్పుడన్నా?"

పార్వతి కడ్డీ బయటికి లాగి పాత గుడ్డతో మసి తుడిచింది.

"మీరు, మీ బ్లాకాఫీసు జీపు నాకెరికే కాకా. మా బడి ముందరికెళ్లి పోయేది. వాగు గట్టు ఎక్కలేక ఆడనే మూలిగేది. పొగకి లోపల బోర్డు కనపడకపోయేది. పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకునేటోళ్లం. ఒకపాలి ఆడ ఆగితే నేను దగ్గరికొచ్చి అద్దం మీది కాగితం చదివిన. అంతా బాగున్నదనే రాసుంది." ఆమె మాటలో నింద లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"గందుకేనా ఈ పని నేర్చుకున్నవ్?"

"లేదు కాకా. ఐటీఐల ఇందులనే సీటు దొరికింది" అని ఫక్కున నవ్వింది.

సీతారాములు నవ్వలేకపోయాడు. ఆ కాగితాన్ని అద్దం మీద అతికించింది అతనే. మూలలు లేవకుండా బొటనవేలితో రుద్ది మరీ అతికించేవాడు. బడి పిల్లలు జీపును చూసి ముఖాలు దాచుకుంటే సిగ్గనుకున్నాడు ఇన్నాళ్లూ.

గురువారం పొద్దున పెట్రోలు, గాలి పాళ్లు దిద్దే చిన్న స్క్రూను పావు చుట్టు తిప్పి, చెవి ఒగ్గి విని, ఇంకొంచెం తిప్పి మళ్లీ తీసుకెళ్లాడు. ఈసారి నాలుగు పాయింటు తొమ్మిది.

"చానా తగ్గింది!" అంది పార్వతి, తన బండే అన్నంత సంబరంగా. "ఇంకా పెట్రోలు ఎక్కువ తాగుతున్నది కాకా. గాలి అందుతలేదు దానికి. యాడనో అడ్డమున్నది."

అప్పుడే ఉపేంద్ర తన కొత్త తెల్ల కారు దిగాడు. అతని తాత ఏనాడో గనిలో పనికి కోస్తా నుంచి వచ్చాడు. మాట ఇంకా అక్కడిదే.

"ఏంటి బాబాయ్, రెండోసారంట? నాతో ఒక్క ముక్క చెప్పొద్దా?" అంటూ తెర వంక చూసి పెదవి విరిచాడు. "పార్వతీ, కెమెరా బాబాయ్ బండి నంబరు మీద పెట్టు. గొట్టం నా కారులో పెట్టు. రెండు నిమిషాల పని."

ఆ అమ్మాయి కదలలేదు. "టెస్టు చేసినట్టు కాగితం మీద నా నంబరు పడతది సార్."

"పడితే ఏమైంది? అందరూ చేసేదేగా. వచ్చిన ప్రతి ట్రక్కునూ నువ్విలా వెనక్కి పంపుతుంటే ఇంక నా దగ్గరికెవడు వస్తాడు? ఇష్టం లేకపోతే సోమవారం నుంచి రావద్దు. ఇంకొకర్ని చూసుకుంటా."

పార్వతి తల దించుకుంది. కడ్డీని పసుపు బండిలోంచి తీసి తెల్ల కారు దగ్గరికి నడిచింది. ఎప్పుడూ వేడి చూసి పెట్టే మనిషి ఈసారి చూడలేదు. తెర మీద సున్నా పాయింటు రెండు అని పడింది. ఒక్క మీట నొక్కితే కాగితం వచ్చేస్తుంది. రేపు దంతెవాడ, ఆ తర్వాత ఐదేళ్ల రిజిస్ట్రేషన్‌తో బండి సీతారాములుది.

సీతారాములు తెల్ల కారు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్లు కటుక్కుమన్నాయి. కడ్డీని పట్టుకుని బయటికి లాగేశాడు.

"ఇది నా బండి పొగ కాదు ఉపేంద్రా."

"బాబాయ్! రేపు కాగితం లేకపోతే బండి తుక్కే కదా మీకు?"

"అయితే అయితది. అబద్ధాన్ని అద్దానికి అతికించుడు చానా ఏండ్లు చేసిన. నా సొంత బండికి కూడా అదే చెయ్యాల్నా?" లేవబోతే కాలు తిమ్మిరెక్కింది. పార్వతి చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకునే ఉపేంద్ర వైపు తిరిగాడు. "ఈ పిల్లనేమనకు. వద్దన్నది నేను."

ఉపేంద్ర భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. సీతారాములు అంత మాట అన్నాడే గానీ, ఇంటికి వస్తుంటే అతనికి రెండు వీధుల దూరం రెండు క్రోసులైంది. వాకిట్లో బండి ఆపి దిగకుండా కూర్చున్నాడు.

సోమక్క ఏమైందని అడగలేదు. చేట దించి బండి ముందుకొచ్చి నడుం వంచి చూసింది. "అగో, మళ్ల వచ్చింది!"

"ఏంది?"

"కందిరీగ. నిన్నటి సంది చూస్తున్న. బావికాడికి పోతది, తడి మన్ను ముద్ద పట్టుకొస్తది, నీ బండి ముక్కుల దూరుతది. పొద్దున నువ్వు బండి తీస్కపోతే పాపం, ఈడనే గిరగిరా తిరిగింది, ఇల్లు పోయినట్టు."

సీతారాములు తల తిప్పి ఆమెను చూశాడు. తర్వాత బండి ముందు జాలీని చూశాడు. తలుపు తీయకుండా, దాని పైనుంచే కాలు వేసి దిగాడు. ఈ వయసులో అలా దిగగలనని అతనికే తెలియదు.

జాలీ వెనక నుంచి ఇంజనుకు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం ఒకటుంది. అతను ఫిల్టరు చూశాడు, కార్బురేటర్ చూశాడు. ఆ రెంటికీ ముందున్న ఈ గొట్టాన్ని మాత్రం బయట తుడిచి వదిలేశాడు. పట్టీ వదులు చేసి గొట్టం ఊడబీకి వెలుతురుకు పెట్టాడు. అవతలి వెలుతురు కనబడలేదు. లోపల మట్టి గూళ్లు, ఒకదాని మీద ఒకటి, ఎండి రాయైనవి, మొన్నటివి, ఇంకా తడి ఆరనివి. మూడేళ్ల పాటు తరతరాలుగా కట్టుకున్న ఊరు. మధ్యలో వేలు పట్టేంత సందు.

"ఇంత సందులకెళ్లి ఊపిరి పీల్చిందా ఇది!" అన్నాడు. అతని గొంతులో బండి మీద జాలి, గౌరవం కలిసి ఉన్నాయి.

సోమక్క గరిటె కాడతో గూళ్లు పొడుస్తుంటే అతను గొట్టాన్ని నేలకేసి తట్టాడు. మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలింది. తడిగా ఉన్న గూటిని మాత్రం ఆమె పగలనివ్వలేదు. చాకు మొనతో అంచులు వదులు చేసి, దోసిట్లోకి తీసుకుని, చూరు కింద గోడ పగులులో ఆనించి పెట్టింది. "ఈడ కట్టుకో, పో" అంది. కందిరీగ ఆమె తల చుట్టూ రెండుసార్లు తిరిగింది. కుట్టలేదు.

గొట్టం బిగించి తాళం తిప్పగానే బండి చప్పుడు మారింది. నిండుగా, తేలికగా. స్క్రూను మళ్లీ మొదటి నుంచి దిద్దాడు, ఒక చెయ్యి స్క్రూడ్రైవరు మీద, ఒక చెయ్యి ఇంజను మీద. సెంటరు మూసే వేళకు చేరాడు. పార్వతి చెప్పులు వేసుకుంటున్నదల్లా వదిలేసి ఉత్త కాళ్లతో వచ్చింది. వేడి చూసింది. కడ్డీ తోసింది. షెడ్డు ముందు ఆగిన ముగ్గురు ట్రక్కు డ్రైవర్లు కూడా తెర దగ్గరికి చేరారు. అంకె ఒకటిన్నర దగ్గర తడబడింది, రెండు దాటింది.

"రెండు పాయింటు ఒకటి!" పార్వతి కేక రోడ్డవతలి టీ బడ్డీ దాకా వినపడింది. "పాస్ కాకా, పాస్!"

ప్రింటరు కిర్రుమంటూ కాగితం బయటికి తోసింది. సీతారాములు దాన్ని రెండు చేతులతో అందుకుని వేడి ఆరేదాకా పట్టుకున్నాడు.

శుక్రవారం సోమక్క కొత్త చీర కట్టుకుని వచ్చింది. దంతెవాడ ఆఫీసు మైదానంలో బళ్లు బారుగా నిలబడి ఉన్నాయి. కృష్ణకుమారి పొద్దున్నే వచ్చి తన సంతకాలు పెట్టి వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ చేతిలో ఒక చిన్న మిషను ఉంది. ఈ వారం నుంచి కాగితం నమ్మకుండా ప్రతి బండినీ ఇక్కడ మళ్లీ పరీక్షిస్తున్నారని ముందున్నవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఎదురుగా ఇద్దరి కాగితాలు తేడా వచ్చి, బళ్లు వెనక్కి మళ్లాయి. ఆ కాగితాలిచ్చిన సెంటర్ల పేర్లు, టెస్టు చేసినవాళ్ల నంబర్లు ఆయన ఎర్ర పెన్నుతో రాసుకోవడం సీతారాములు చూశాడు. నిన్న ఆ తెల్ల కారు లెక్కతో వచ్చి ఉంటే ఆ ఎర్ర పెన్ను కింద పార్వతి నంబరు ఉండేది.

పసుపు బండి వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చూశాడు. లైట్లు, హారను, బ్రేకులు చూశాడు. చాసిస్ నంబరు చూడ్డానికి వంగి, సోమక్క వంక చూసి, "అమ్మా, కొంచెం దిగాలి" అన్నాడు హిందీలో. ఆమె దిగడానికి పట్టిన సమయంలో మైదానమంతా చుట్టూ చేరింది. మిషను పెట్టాడు. రెండు పాయింటు రెండు.

"కాగితం, బండి ఒకే మాట చెప్తున్నాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పొద్దున్నించీ నవ్వని మనిషి నవ్వాడు. "ఎవరు చేశారు టెస్టు?"

"పార్వతి అని, మా గీదం పిల్ల సార్. గొట్టం పెట్టకుండా కాగితమియ్యదు."

ఇన్‌స్పెక్టర్ ఆమె నంబరు నీలం పెన్నుతో రాసుకుని ముద్ర కొట్టాడు.

గేటు దాటకముందే ఫోను మోగింది. ఉపేంద్ర. "బాబాయ్, అక్కడ మళ్లీ మిషను పెడుతున్నారట కదా? మా సెంటరు కాగితంతో ఇవాళ అక్కడికి వెళ్లింది మీరొక్కరేనా? ఏమన్నారు?"

"పాసు. పిల్ల చెప్పిన లెక్కనే వచ్చింది."

అవతల ఉపేంద్ర తన డ్రైవర్లని కేకేశాడు. "అయితే ఆ సోమవారం మాట..." అని మొదలుపెట్టాడు సీతారాములు.

"ఏ సోమవారం? ఆ అమ్మాయి ఎక్కడికీ పోదు బాబాయ్. నా ట్రక్కులు కూడా వరసగా పంపుతున్నా, చూడమని."

గీదం చేరగానే సోమక్క సెంటరు ముందు ఆపమంది. దిగి, షెడ్డులోకి పోయి, పార్వతి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "ఎక్కు బిడ్డా. సీట్లు రెండే, నేను ఈడ కూసుంట. నీ కుర్చీకి నేను కాపలా ఉంట."

"అవ్వా, డ్యూటీ టైము!"

"ఎక్కమన్ననా!"

పార్వతి ఎక్కింది. బీజాపూర్ రోడ్డు మీద, సాల చెట్ల మధ్య, గుడ్డ టాపు వెనక్కి పడేసి సీతారాములు బండిని వదిలాడు. అమ్మాయి మొదట డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోదీ వదిలి, చేతులెత్తి గాలికి పెట్టి దోర్లిలో ఏదో అరిచింది. అతనికి అర్థం కాలేదు, అయినా అతనూ అరిచాడు. సైకిలు మీద వెళ్తున్న ముసలాయన ఒకడు ఆగి, తానూ చెయ్యెత్తాడు.

తిరిగి వచ్చేసరికి సెంటరు ముందు మూడు ఖనిజం ట్రక్కులు బారుగా ఆగి ఉన్నాయి. మూడింటి ఇంజన్లూ నడుస్తున్నాయి. సోమక్క పార్వతి కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చుని, ఇనప కడ్డీని ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమె ముందు ముగ్గురు డ్రైవర్లు, వాళ్ల పక్కన ఉపేంద్ర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఒకని వెనక ఒకడు. తొందరేమున్నది?" అంటోంది ఆమె, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలు కలిపి. "ముందు బండి మంచిగ వేడి కావాలె. పిల్ల వచ్చి చెయ్యి పెట్టి చూస్తది."

పార్వతి బండి పూర్తిగా ఆగకముందే, తలుపు పైనుంచే దూకేసింది.